కణశక్తి మాత్రలు: రక్తంలో పెరిగితే సరిపోతుందా?

అందరికీ నమస్కారం.

కణాల్లో శక్తి ఎలా పుడుతుంది, దాన్ని పెంచుతామంటూ వచ్చే సప్లిమెంట్లలో ఏది ఎంతవరకు పనిచేస్తుంది, ఈరోజు విషయం ఇదే. డబ్బా మీద ‘కణశక్తికి’, ‘మైటోకాండ్రియాకు’, ‘ఆరోగ్యకరమైన వృద్ధాప్యానికి’ అని రాసి ఉంటుంది. అలాంటిది చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. మింగిన పదార్థం రక్తంలో పెరుగుతుందా? రక్తంలో పెరిగింది కండలోకో గుండెలోకో చేరుతుందా? చేరాక మనిషి నడకలో, పట్టులో, గుండె పనితనంలో కొలిచి చూపించగల తేడా వస్తుందా? చాలా సరుకు మొదటి ప్రశ్న దాటుతుంది. రెండోదాని దగ్గర కొంత ఆగిపోతుంది. మూడోది దాటేవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రకటనలు మాత్రం మొదటి ప్రశ్నకు జవాబు చూపించి మూడో ప్రశ్నకు మార్కులు వేయించుకుంటాయి.

ముందు కణంలో జరిగేది క్లుప్తంగా చెప్పుకుందాం. ఏ పనికైనా కణం ఖర్చుపెట్టేది ఏటీపీ అనే అణువు. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఉండే ఏటీపీ చాలా కొద్ది. రోజు మొత్తంలో తయారై ఖర్చయ్యేది మాత్రం దాదాపు ఒంటి బరువంత. అదే అణువు రోజుకు వందల సార్లు విరిగి మళ్లీ అతుక్కుంటుంది. కాబట్టి శక్తిని బయటినుంచి తెచ్చి నింపడం కుదరదు, తయారీ సవ్యంగా సాగాలి, అంతే. తిన్న పిండిపదార్థం, కొవ్వు చిన్న ముక్కలై, కణంలో శక్తి తయారయ్యే గదులైన మైటోకాండ్రియాలోకి వెళ్తాయి. వాటి ఎలక్ట్రాన్లను ఎన్‌ఏడీ, ఎఫ్‌ఏడీ అనే వాహకాలు మోస్తాయి. మైటోకాండ్రియా లోపలి పొరలో, వరసగా నిలబడ్డవాళ్లు నీళ్ల బిందె అందించుకున్నట్టు, ఆ ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి. ఆ క్రమంలో ప్రోటాన్లు పొరకు అవతలికి వెళ్తాయి. అవి తిరిగి వచ్చే ఒరవడికి ఏటీపీ సింథేస్ అనే ఎంజైమ్ తిరిగి ఏటీపీని అతుకుతుంది. ఈ సిద్ధాంతానికే పీటర్ మిచెల్‌కు 1978లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇందులో ఎవరి పాత్ర ఏమిటో చూడండి. పిండిపదార్థం విరిగి వచ్చే పైరువేట్ లోపల ముందుకు సాగే మెట్టులో బీ1 విటమిన్ కావాలి. ఎఫ్‌ఏడీ బీ2తో తయారవుతుంది, ఎన్‌ఏడీ బీ3తో, కో ఎంజైమ్ ఏ బీ5తో. ఎలక్ట్రాన్లు చేతులు మారే చోట్ల ఐరన్ ఉంటుంది, ఆఖరి మెట్టులో కాపర్ కూడా ఉంటుంది. ఏటీపీ పనిచేసేది మెగ్నీషియంతో కలిసి. కోక్యూ10 (కో ఎంజైమ్ క్యూ10) ఆ వరసలోని ఒకటి, రెండు ప్రోటీన్ గుంపుల (కాంప్లెక్సుల) నుంచి మూడోదానికి ఎలక్ట్రాన్లను మోస్తుంది. వీటిలో ఏది నిజంగా తక్కువైతే పని అక్కడ మందగిస్తుంది, దాన్ని ఇస్తే మళ్లీ సాగుతుంది. తక్కువ కానిదాన్ని పదింతలు పోసినా వేగం పెరగదు. ‘మైటోకాండ్రియాకు అవసరం’ అన్న మాట నిజమే, కానీ అవసరమైనదల్లా మీకు కొరతగా ఉన్నట్టు కాదు.

అందుకని ఎవరైనా నీరసంగా ఉంటోంది, ఏం వేసుకోమంటారు అని అడిగితే జవాబు మాత్ర పేరు కాకూడదు, పరీక్షల పేర్లు కావాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వకు), బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు), హెచ్‌బీఏ1సీ (షుగరుకు), విటమిన్ డి, క్రియాటినిన్ (కిడ్నీకి). నిద్రలో గురక, ఊపిరి ఆగడం ఉన్నాయేమో కూడా అడగాలి. ఇవేవీ ఆకర్షణగా ఉండవు, వీటి మీద ప్రకటనలూ రావు. కానీ అలసటకు సరిదిద్దగల కారణం దొరికితే చాలాసార్లు దొరికేది ఇక్కడే.

బీ12 దగ్గర కొంచెం ఆగుదాం. వయసు పెరిగేకొద్దీ చాలామందికి కడుపులో ఆమ్లం తగ్గుతుంది. ఆమ్లం చాలకపోతే ఆహారంలోని ప్రోటీన్‌కు అంటుకుని ఉన్న బీ12 విడివడదు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో, గ్యాస్‌కు ఒమెప్రజోల్ తరహా మందులు మానకుండా వేసుకునేవారిలో, మాంసాహారం అసలు తినని వారిలో కొరత రావచ్చు. పెద్దలకు రోజుకు కావలసింది 2 నుంచి 2.5 మైక్రోగ్రాములు. మరి మాత్రలో 1000 మైక్రోగ్రాములు ఎందుకంటారా? కడుపులో తయారయ్యే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ ఒక్కసారికి 2 మైక్రోగ్రాములకు మించి పట్టించలేదు. మిగిలినదాంట్లో సుమారు 1 శాతం దానంతటది పేగు గోడలోంచి ఇంకుతుంది. 1000 వేసుకుంటే ఈ దారిలో 10 దాకా అందుతుంది, అందుకే గ్రహింపు లోపం ఉన్నవారికి కూడా పెద్ద డోసు మాత్ర పనికొస్తుంది. కాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు ఉంటే మాత్రం మాత్రలతో కాలయాపన చేయకుండా డాక్టర్ చూసి ఇంజెక్షన్ కావాలో వద్దో తేల్చాలి. ఇంకో జాగ్రత్త: బీ12 కొరత ఉండగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతినడం ఆగదు.

ఐరన్‌ను ఫెరిటిన్ చూడకుండా ముట్టుకోవద్దు. ఒంట్లో చేరిన ఐరన్ బయటికి పోయే దారి దాదాపు లేదు, ఎక్కువైతే కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ దొంగగా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, అంటే రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత నిండి ఉందన్నది, కూడా చూడాలి. కొరత తేలాక రోజూ రెండు పూటలా వేసుకోవడం కంటే రోజు విడిచి రోజు ఒక్కసారి వేసుకుంటే గ్రహింపు మెరుగ్గా ఉన్నట్టు ఐరన్ తక్కువగా ఉన్న స్త్రీల మీద చేసిన పరిశోధనలు చూపించాయి. మాత్ర పడగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి సుమారు ఒక రోజు పాటు గ్రహింపును తగ్గిస్తుంది, అదీ కారణం. ఇంకో విషయం, పెద్ద వయసులో కొత్తగా ఐరన్ కొరత కనబడితే మాత్ర కంటే ముందు రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి.

ఇక అసలు సరుకులోకి వద్దాం. కోక్యూ10ను 1957లో ఫ్రెడెరిక్ క్రేన్ బృందం విస్కాన్సిన్‌లో వేరుచేసింది. దీన్ని ఒళ్లే తయారుచేసుకుంటుంది కాబట్టి విటమిన్ అనలేం. ఇది పసుపు నారింజ కలిసిన రంగులో ఉండే పొడి, నీటిలో కరగదు. పేగు దీన్ని పీల్చుకోవాలంటే అణువులు విడివిడిగా కొవ్వులో కరిగి ఉండాలి. స్ఫటికంగా ఉన్న పొడి చాలా భాగం అలాగే బయటికి పోతుంది. అందుకే పొడి నింపిన గట్టి క్యాప్సూల్ కంటే నూనెలో కరిగించిన మెత్తటి క్యాప్సూల్ నయం, అది కూడా కొవ్వు ఉన్న భోజనంతో. పరగడుపున నీళ్లతో మింగితే చాలా భాగం వృథా. ఒక్కసారి వేసే డోసు పెరిగేకొద్దీ గ్రహింపు శాతం తగ్గుతుంది, కాబట్టి 200 మిల్లీగ్రాములు ఒకేసారి కాక 100 చొప్పున రెండు పూటలు మేలు. యుబిక్వినాల్, యుబిక్వినోన్ అని రెండు రూపాలు అమ్ముతారు. ఒంట్లో ఇవి ఒకదాన్నుంచి ఒకటిగా మారుతూనే ఉంటాయి. రూపం కంటే అది నూనెలో ఎలా కరిగి ఉందన్నదే ఎక్కువ తేడా తెస్తుంది.

మనిషికి పనికొచ్చిందా అంటే, 2014లో వెలువడ్డ క్యూ-సింబియో ట్రయల్ ఉంది. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 420 మందికి మామూలు చికిత్సకు తోడుగా 100 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, రెండేళ్ల పాటు ఇచ్చారు. పెద్ద గుండె సంఘటనలు ఇది వాడినవారిలో 15 శాతం మందికి, ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర, వాడినవారిలో 26 శాతం మందికి వచ్చాయి. మంచి ఫలితం. కానీ అది జబ్బున్న గుండెల మీద వచ్చింది, సాయంత్రానికి అలసిపోయే ఆరోగ్యవంతుల మీద కాదు. పార్కిన్సన్స్ మీద 600 మందితో 1200, 2400 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూశారు, రక్తంలో బాగా పెరిగింది, జబ్బు నెమ్మదించలేదు. మొదటి ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ మధ్య దూరం అదీ.

కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడేవారికి దీన్ని తప్పనిసరి అన్నట్టు చెబుతుంటారు. కొలెస్ట్రాల్, కోక్యూ10 రెండూ ఒకే మెవలోనేట్ దారిలో తయారవుతాయి, స్టాటిన్ ఆ దారిని మొదట్లోనే అడ్డుతుంది. కాబట్టి రక్తంలో తగ్గడం నిజం. అయితే కోక్యూ10 రక్తంలో తిరిగేది ఎక్కువగా కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ మీద ఎక్కి, ఎల్‌డీఎల్ తగ్గితే దాని మీద ఉన్నదీ తగ్గుతుంది. కండలో కూడా అదే లెక్కన తగ్గుతుందని నిలకడగా తేలలేదు, కండనొప్పి మీద ట్రయల్స్ ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. నొప్పి ఉన్నవారు డాక్టర్‌కు చెప్పి రెండు మూడు నెలలు వాడి చూడొచ్చు. దీని కోసం స్టాటిన్ మానేయడం మాత్రం పొరపాటు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు జాగ్రత్త. కోక్యూ10 నిర్మాణం విటమిన్ కె ని పోలి ఉంటుంది, మందు పట్టు తగ్గవచ్చు, రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి.

రెండోది ఇప్పుడు అందరి నోటా ఉన్న ఎన్‌ఏడీ. దీని కథ బీ3 కొరతతో వచ్చే పెలాగ్రా జబ్బుతో మొదలైంది. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ అనే శాస్త్రవేత్త, బీ3 రూపమైన నికోటినిక్ యాసిడ్ ఆ తరహా జబ్బును కుక్కల్లో నయం చేస్తుందని చూపించాడు. 2004లో చార్లెస్ బ్రెనర్ బృందం నికోటినమైడ్ రైబోసైడ్, అంటే ఎన్‌ఆర్, కూడా ఎన్‌ఏడీగా మారే దారి కనుక్కుంది. ఎన్‌ఎంఎన్ దానికి ఒక ఫాస్ఫేట్ తగిలించిన రూపం. వయసుతో కొన్ని కణజాలాల్లో ఎన్‌ఏడీ తగ్గుతుంది, ఇవి దాన్ని పెంచుతాయి. ఎలుకల మీద వచ్చిన ఫలితాలు ఆశ పుట్టించాయి.

మనుషుల దగ్గరికి రండి. ఎన్‌ఆర్ రోజుకు 1000 మిల్లీగ్రాములు ఆరు వారాలు ఇస్తే రక్తకణాల్లో ఎన్‌ఏడీ సుమారు 60 శాతం పెరిగిందని 2018లో వచ్చింది. మొదటి ప్రశ్న పాస్. 2019లో 12 మంది వృద్ధ పురుషులకు అదే డోసు 21 రోజులు ఇచ్చి తొడకండలోంచి ముక్క తీసి చూశారు. ఎన్‌ఏడీకి సంబంధించిన పదార్థాలు కండలోనూ మారాయి. మైటోకాండ్రియా పనితీరు మారలేదు. స్థూలకాయం ఉన్న 40 మంది పురుషులకు రోజుకు 2000 మిల్లీగ్రాములు 12 వారాలు ఇచ్చినా ఇన్సులిన్ స్పందన మెరుగుపడలేదు. ఎన్‌ఎంఎన్‌కు ఒక మంచి ఫలితం ఉంది. మెనోపాజ్ దాటి, బరువెక్కువై, ప్రీడయాబెటిస్ ఉన్న 25 మంది స్త్రీలతో 2021లో చేసిన ట్రయల్‌లో 250 మిల్లీగ్రాములు 10 వారాలు వాడినవారి కండలో ఇన్సులిన్ స్పందన పెరిగింది. బరువు, రక్తపోటు మారలేదు. చాలా మంది మీద, ఏళ్ల తరబడి చేసిన ట్రయల్ వస్తే తప్ప దీని గురించి ఇంతకన్నా గట్టిగా మాట్లాడకూడదు. ఆయుష్షు సంగతంటే, అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ నడిపే ఇంటర్వెన్షన్స్ టెస్టింగ్ ప్రోగ్రామ్ మూడు వేర్వేరు ల్యాబుల్లో ఎలుకలకు ఎన్‌ఆర్ ఇచ్చి చూసింది. ఆయుష్షు పెరగలేదు.

ఎక్కడ ఆగిపోతోంది? నోటితో వేసుకున్న ఎన్‌ఆర్, ఎన్‌ఎంఎన్‌లలో చాలా భాగం పేగులో, కాలేయంలో బీ3 మరో రూపమైన మామూలు నికోటినమైడ్‌గా మారిపోతుంది. మిగులును ఒళ్లు మిథైల్ గ్రూపులు తగిలించి మూత్రంలో పంపేస్తుంది. ఈ బీ3 మిగులు నుంచి వచ్చే 4పీవై అనే పదార్థం రక్తంలో ఎక్కువ ఉన్నవారిలో గుండెజబ్బు సంఘటనలు ఎక్కువని 2024లో ఒక పరిశోధన చూపింది. అది కారణమని రుజువు కాదు. కానీ పెద్ద డోసులు ఏళ్ల తరబడి వాడటానికి తొందరపడకపోవడానికి అంత మాత్రం చాలు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు తమ డాక్టర్‌ను అడగకుండా వీటి జోలికి పోవద్దు, క్యాన్సర్ గడ్డ కణాలకూ ఎన్‌ఏడీ కావాలి. ఇక పాత నికోటినిక్ యాసిడ్‌ను గ్రాముల లెక్కన సొంతంగా వాడటం ముమ్మాటికీ వద్దు. ఒళ్లు మంటెత్తడం ఒక్కటే కాదు, కాలేయం దెబ్బతింటుంది, షుగరు పెరుగుతుంది.

యాంటీ ఆక్సిడెంట్ల గురించి కటువుగానే చెప్పాలి. 1956లో డెన్హామ్ హార్మన్ అనే శాస్త్రవేత్త ఫ్రీ రాడికల్స్, అంటే పక్క అణువులను దెబ్బతీసే చురుకైన అణువుల, వల్లే ముసలితనం అన్నాడు, దాంతో వాటిని అణిచేస్తే చాలనుకున్నారు. ఇప్పుడు తెలిసింది వేరు. వ్యాయామం చేసేటప్పుడు కండలో పుట్టే ఫ్రీ రాడికల్స్ ఒక సంకేతం, దాన్ని అందుకునే కండ కొత్త మైటోకాండ్రియాను తయారుచేస్తుంది. 2009లో ఒక ట్రయల్‌లో రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 ఐయూ విటమిన్ ఇ వేసుకుని వ్యాయామం చేసినవారికి ఇన్సులిన్ స్పందనలో రావలసిన లాభం రాలేదు, మాత్రలు లేకుండా చేసినవారికి వచ్చింది. 2013లో వృద్ధ పురుషులకు ద్రాక్షలో ఉండే యాంటీ ఆక్సిడెంట్ రెస్వెరట్రాల్ 250 మిల్లీగ్రాములు ఇచ్చి ఎనిమిది వారాలు శిక్షణ ఇస్తే, ప్లాసిబో వేసుకున్నవారి దమ్మే ఎక్కువ పెరిగింది. పొగతాగేవారికి బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిన ఫిన్లాండ్ ట్రయల్ 1994 నాటిది. వ్యాయామం చేస్తూ పెద్ద డోసు సి, ఇ వేసుకోవడమంటే కష్టపడి సంపాదించినదాన్ని అక్కడికక్కడే తుడిచేసుకోవడం కావచ్చు.

మూడో ప్రశ్న కూడా దాటినది క్రియాటిన్. ఇది ఫాస్ఫోక్రియాటిన్‌గా కండలో ఉండి, ఏటీపీ విరిగిన మరుక్షణం మళ్లీ అతకడానికి ఫాస్ఫేట్ ఇస్తుంది. రోజుకు 3 నుంచి 5 గ్రాముల మోనోహైడ్రేట్, ఏ వేళైనా సరే. మొదటి వారం రోజుకు 20 గ్రాముల ‘లోడింగ్’ చేస్తే కండ త్వరగా నిండుతుంది, చేయకపోతే మూడు నాలుగు వారాల్లో అదే స్థాయికి వస్తుంది. తొందరేం లేనివారికి లోడింగ్ అనవసరం, కడుపు ఉబ్బరం, విరేచనాలు వచ్చేది అప్పుడే. గోరువెచ్చని నీళ్లలో కలిపి వెంటనే తాగండి. పుల్లటి రసంలో కలిపి రోజుల తరబడి ఉంచితే అది కొంత క్రియాటినిన్‌గా మారిపోతుంది. పెద్ద వయసువారు బరువులెత్తే వ్యాయామంతో పాటు వాడితే, వ్యాయామం ఒక్కటే చేసినవారి కంటే కొవ్వు కాని శరీర బరువు సగటున కిలోకు కొంచెం పైగా అదనంగా పెరిగింది, బలమూ పెరిగింది. వ్యాయామం లేకుండా వాడితే పెద్దగా ఆశించొద్దు. మాంసం తినని వారి కండలో మొదటినుంచీ తక్కువ ఉంటుంది కాబట్టి వారిలో తేడా ఎక్కువ కనబడొచ్చు. మొదటి వారాల్లో బరువు కిలో, రెండు కిలోలు పెరిగితే అది కండలో చేరిన నీరు.

దీంతో వచ్చే గొడవ ల్యాబు రిపోర్టులో. క్రియాటిన్ వాడితే రక్తంలో క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది, దాని నుంచి లెక్కకట్టే ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ వడపోత అంచనా, తగ్గినట్టు కనబడుతుంది. కిడ్నీ చెడిపోయిందని కంగారు పడతారు. డాక్టర్‌కు ముందే చెప్పి క్రియాటిన్ ప్రభావం పడని సిస్టాటిన్ సి అనే కిడ్నీ పరీక్ష చేయిస్తే అసలు సంగతి తెలుస్తుంది. నిజంగానే కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం సొంతంగా మొదలుపెట్టకూడదు.

మెగ్నీషియంలో తప్పు జరిగేది లేబుల్ చదవడంలో. ‘మెగ్నీషియం గ్లైసినేట్ 1000 మిల్లీగ్రాములు’ అని ఉంటే అందులో అసలు మెగ్నీషియం సుమారు 140 మాత్రమే. ఆక్సైడ్‌లో 60 శాతం ఉంటుంది కానీ ఒంటికి పట్టేది తక్కువ, విరేచనం చేయించేది ఎక్కువ. ‘ఎలిమెంటల్’ అన్న మాట పక్కన ఉన్న అంకె చూడండి. సప్లిమెంట్ నుంచి రోజుకు 350 దాటొద్దన్నది అమెరికా ప్రమాణం. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కిడ్నీ పనితీరు తగ్గినవారికి ఇది ప్రమాదం.

మిగతావి త్వరగా. యురోలిథిన్ ఎ దానిమ్మలోని పదార్థాల నుంచి పేగులోని బ్యాక్టీరియా తయారుచేసేది, అందరి పేగులోనూ తయారవదు. 2022లో 66 మంది వృద్ధుల మీద రోజుకు 1000 మిల్లీగ్రాములతో నాలుగు నెలలు చేసిన ట్రయల్‌లో కండ ఓర్పు కొంత పెరిగింది, కానీ ముఖ్యంగా చూడదలచిన ఆరు నిమిషాల నడక, ఏటీపీ తయారీ వేగం ప్లాసిబో కంటే మెరుగు కాలేదు. ఒంట్లో ఉండే టారిన్ అనే పదార్థం వయసుతో తగ్గుతుందని 2023లో పెద్ద వార్త అయింది, 2025లో అదే సైన్స్ పత్రికలో అలా నిలకడగా తగ్గడం లేదని వచ్చింది. ఒమేగా 3 రోజుకు 1 గ్రాము మూడేళ్లు వాడితే డీఎన్‌ఏ మీద కొలిచే జీవ వయసు గడియారాలు కొన్ని మూడు నాలుగు నెలలు నెమ్మదించాయి. గడియారం నెమ్మదించడం, మనిషి బాగుండటం ఒకటేనా అన్నది మళ్లీ మన మూడో ప్రశ్నే.

వాడదలచుకుంటే ఇలా వాడండి. ఒకేసారి ఒక్కటే. మొదలుపెట్టే ముందు కొలత తీసుకోండి. చేతులు లేని, సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. పక్కన ఒకరు ఉండాలి. మొదటిసారి కంటే రెండోసారి అలవాటు వల్లే అంకె పెరుగుతుంది, కాబట్టి వేరే రోజు మళ్లీ చేసి రెండో అంకె రాసుకోండి. 12 వారాల తర్వాత అదే కుర్చీ, అదే వేళ. తేడా లేకపోతే ఆపేయండి. ఈ మధ్యలో కొత్తగా నడక మొదలుపెడితే లాభం ఏ ఖాతాలో వేయాలో తెలియదు. బహుశా నడక ఖాతాలోనే. 1967లోనే జాన్ హాలోజీ అనే శాస్త్రవేత్త పరుగెత్తించిన ఎలుకల కండలో మైటోకాండ్రియా సామర్థ్యం దాదాపు రెట్టింపు కావడం చూపించాడు. దానికి దగ్గరగా వచ్చిన మాత్ర ఇంతవరకు లేదు.

ఇక మీరు రాసి పంపిన ప్రశ్నల చీటీలు. “పది పదార్థాలు కలిపిన ఒకే క్యాప్సూల్ మంచిదా?” అని ఒకరు. ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ అని మొత్తం బరువు ఒక్కటే ఇచ్చి, ఏది ఎంతో చెప్పకపోతే కొనకండి. 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో పది పదార్థాలు ఇరికితే ట్రయల్స్‌లో వాడిన డోసు ఒక్కదానికీ చేరదు. బీ6 ఎంతుందో కూడా చూడండి, రెండు మూడు డబ్బాల్లోంచి కలిసి నెలల తరబడి ఎక్కువైతే అది నరాలనే దెబ్బతీస్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో రోజుకు 12 మిల్లీగ్రాములే హద్దు అంది. బయటి సంస్థ పరీక్షించిన ముద్ర, యూఎస్‌పీ, ఎన్‌ఎస్‌ఎఫ్ లాంటిది, ఉంటే లేబుల్ మీద ఉన్నదే లోపల ఉందని కొంత నమ్మొచ్చు. అది పనిచేస్తుందని ఆ ముద్రకు అర్థం కాదు.

ఇంకో చీటీ. “జుట్టుకని బయోటిన్ వాడుతున్నాను, థైరాయిడ్ రిపోర్టు తేడాగా వచ్చింది.” చాలా మంచి ప్రశ్న. రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు, జుట్టు మాత్రల్లో ఉండేది 5 నుంచి 10 మిల్లీగ్రాములు. కొన్ని ల్యాబు పరీక్షలు బయోటిన్‌ను పట్టుకునే పద్ధతి మీదే నడుస్తాయి. రక్తంలో అది ఎక్కువుంటే టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా కనబడి, లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. అంతకన్నా ప్రమాదం గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షతో. గుండెపోటు వచ్చినా అది తక్కువగా కనబడవచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ 2017లో, మళ్లీ 2019లో దీని మీద హెచ్చరించింది. మామూలు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి, డోసు ఇంకా ఎక్కువైతే ఎన్ని రోజులో ల్యాబును అడగండి. ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్తే రక్తం తీయకముందే బయోటిన్ వాడుతున్నట్టు చెప్పండి, మీరు చెప్పలేని స్థితిలో ఉంటే చెప్పడానికి ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండాలి.